డిసెంబర్ దాకా ఆగని దోమతెరలు

మా తెలుగు సంఘం మీటింగ్ మినిట్స్‌లో నా మీద ఒక వాక్యం ఉంది. ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ బోర్డు అనుమతి లేకుండా గోడౌన్ నుంచి సరుకు తరలించారనీ, అడిగినా క్షమాపణ చెప్పలేదనీ దాని సారాంశం. ఇంగ్లీషులో ఇంకాస్త మర్యాదగా ఉంటుంది. దొంగ అన్న మాట ఎక్కడా వాడలేదు గానీ, చదివినవాళ్లకి వచ్చే అర్థం అదే. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. దాన్ని తీసేయమని నేను ఎవరినీ అడగలేదు, అడగను కూడా. కాకపోతే దానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో మినిట్స్‌లో లేదు. అందుకని నేనే రాసిపెడుతున్నాను.

నేను మిషిగన్ వచ్చి ముప్పై అయిదేళ్లు దాటింది. మా ఆయన కార్ల కంపెనీలో, నేను ఆసుపత్రి లాబ్‌లో పనిచేసి ఇద్దరం రిటైరయ్యాం. పెళ్లికి ముందు రెండేళ్లు విశాఖ ఏజెన్సీలో, కొండల మధ్య ఒక చిన్న ఆసుపత్రిలో లాబ్ టెక్నీషియన్‌ని. అక్కడ నా పని మలేరియా స్లైడ్లు చూడడం. గూడేల్లో ఎవరికి జ్వరం వచ్చినా హెల్త్ వర్కర్ వేలు గుచ్చి, గాజుపలక మీద చుక్క రక్తం రాసి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి, చీటీతో సహా కిందికి పంపేవాడు. నేను దానికి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టేదాన్ని. మలేరియా క్రిమి ఎర్రకణంలో చిన్న ఉంగరంలా కనిపిస్తుంది, ఒంటిరాయి పొదిగిన ఉంగరంలా. అది కనిపిస్తే రిజిస్టర్లో ఎర్ర పెన్సిల్‌తో రాయాలి.

ఒక వానాకాలం గెడ్డ, అదే కొండవాగు, పొంగి, పైనుంచి రావాల్సిన స్లైడ్ల కట్ట పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అందులో ఒక నాలుగేళ్ల పాప స్లైడ్ ఉంది. ఎక్కడ చూసినా ఉంగరాలే. నేను అంతకు ముందు అన్ని ఒకేచోట చూడలేదు. మందు వెంటనే పంపాలని చీటీ పట్టుకుని వరండాలోకి పరిగెత్తాను. అక్కడ కూర్చున్న అటెండరు చీటీ మీద పేరూ ఊరూ చదివి, "ఆ పిల్ల పోయి వారమైందమ్మా" అన్నాడు. నేను లోపలికి వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాను. రిజిస్టర్ పూర్తి చేయాలి కదా, పూర్తి చేశాను. నంబరు, వయసు, ఊరు, ఫలితం. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆ రెండేళ్లలో నేను ఆ కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ సంగతికి ఇప్పటికీ నామీద నాకు కోపంగానే ఉంటుంది.

ఇక సంఘం సంగతి. మార్చిలో, ఇంకా డ్రైవ్‌వే పక్కన మంచుగడ్డలు కరగకుండా ఉండగానే, ప్రెసిడెంట్ గారి బేస్‌మెంట్‌లో బోర్డు మీటింగ్ జరిగింది. ఆయనకి యాభై ఏళ్లుంటాయి. కార్లకి సీటు బెల్టులు తయారుచేసే చోట ఇంజినీరు. మనిషి మంచివాడే, అది ముందే చెప్పేస్తున్నాను. మా ఆయనకి గుండె ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులు కారియర్ పంపిన ఇల్లు వాళ్లది. నన్ను అక్కయ్య గారూ అని పిలుస్తాడు. కోపం వస్తే మాత్రం మేడమ్ అంటాడు.

ఆ ఏడాది ఇండియాలో ఏ సేవ చేయాలి అన్నది అజెండా. ఒకరు స్కూలు బ్యాగులన్నారు, ఒకరు మంచినీళ్ల ప్లాంట్ అన్నారు. నేను దోమతెరలు అన్నాను. దోమతెర అంటే మనవాళ్లకి అమ్మమ్మ మంచం గుర్తొస్తుంది, అంతే. నేను ఏజెన్సీ గురించి, వానాకాలం గురించి, దోమ కూర్చుంటే చచ్చే మందు పట్టించిన తెరల గురించి చెప్పాను. ప్రభుత్వం ఇవి ఇస్తుంది, కాదనను. అయితే పై కొండ మీద కోదులనే గిరిజనుల గూడెం ఒకదానిలో ఎప్పుడో ఇచ్చినవి చిరిగిపోయాయి, పిల్లలు పెరిగి ఇళ్లు వేరుపడ్డాయి, ఉన్నవి సరిపోవడం లేదు. అది నాకు పాత ఆసుపత్రిలో నాతో పనిచేసిన ఫార్మసిస్ట్ చెప్పాడు. అక్కడి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు కూడా ఆయనే ఇచ్చాడు.

"మంచి ఐడియానే అక్కయ్య గారూ" అన్నాడు ప్రెసిడెంట్. "కానీ నేను ఎక్కడో చదివాను. ట్రైబల్స్‌కి నెట్స్ ఇస్తే వాటితో చేపలు పట్టుకుంటారట."

ఈ మాట ఎవరో ఒకరు అంటారని నాకు తెలుసు. ప్రతిచోటా అంటారు. ఎక్కడో ఎవరో పట్టుకుని ఉండవచ్చు కూడా. నేను ఆయన వెనక్కి చూశాను. బేస్‌మెంట్ మూల ఒక ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద మూడు చొక్కాలు, ఒక లుంగీ ఆరేసి ఉన్నాయి.

"మీ డాక్టరు గుండెకి మంచిదని చెబితే అది కొనుక్కున్నారు. బట్టలారేస్తున్నారు. అందుకని ఇకమీదట తెలుగువాళ్లకి ట్రెడ్‌మిల్ అమ్మకూడదని ఎవరైనా అన్నారా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. దోమతెరలు పాసైపోయాయి. నోరున్నవాళ్లకే పని అంటగడతారు కాబట్టి కోఆర్డినేటర్‌గా నన్నే వేశారు.

ఆశా కార్యకర్త కోదుల అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల ఇళ్ల దగ్గర సిగ్నల్ రాదు. గూడెం పైన ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే వస్తుంది. తను సాయంత్రం ఆ బండెక్కి ఫోన్ చేస్తే ఇక్కడ నాకు పొద్దుటి కాఫీ వేళ. ఇంట్లో వాళ్ల భాష కువి మాట్లాడుతుంది, నాతో ఉత్తరాంధ్ర తెలుగు. అక్కా అనమని ఎన్నిసార్లు చెప్పినా మేడమ్ అనే అంటుంది. తన దగ్గర వేలు గుచ్చి అప్పటికప్పుడు పావుగంటలో ఫలితం చూపించే కిట్లు ఉన్నాయి. నా కాలంలో అవి లేవు. ఆ సంగతి మొదటిసారి విన్న రోజు నాకు సంతోషం కలిగింది, దానితోపాటు కొంచెం ఏడుపూ వచ్చింది.

తెరలు తెలుపు రంగులో సింగిల్ సైజువి ఆర్డర్ చేద్దామనుకుంటున్నానని నేను గొప్పగా చెప్పాను. తెల్లవైతే దోమ కూర్చున్నా తెలుస్తుంది, మురికి పట్టినా తెలుస్తుంది, ఉతుక్కుంటారు అని నా లెక్క. ముప్పై ఏళ్లు లాబ్‌లో తెల్లకోటు వేసుకున్నదాని బుర్ర అంతకన్నా ముందుకు పోలేదు.

తను నవ్వింది. "మా పొయ్యి ఇంట్లోనే ఉంటాది మేడమ్. తెల్లది పది రోజులకే పొగ పట్టీసి నల్లగయిపోద్ది. నల్లగయితే ఉతుకుతారు. మాటిమాటికి ఉతికితే మందు పోద్ది గదా. ముదురు రంగు పంపించండి."

"సరే. ఇంకా?"

"సింగిల్ వద్దు. తల్లీ ముగ్గురు పిల్లలూ ఒక్క చాప మీదే పడుకుంటారు. ఒక్కరికి సరిపడేది ఇస్తే ఆ తల్లి ఎవుల్ని బయట పడుకోబెడతాది?"

నేను కాఫీ కప్పు కింద పెట్టి పెన్ను తీసుకున్నాను. తను చెబుతూ పోయింది, నేను రాసుకుంటూ పోయాను. పొడుగు ఎక్కువ కావాలి, మంచం ఉండదు కాబట్టి చాప కిందికి దోపుకోవాలి. తాళ్లు విడిగా ఎక్కువ పంపాలి. పోడు పంటకి కాపలాగా పాకల్లో పడుకునే మగవాళ్లకి వేరే ఇవ్వాలి, లేకపోతే ఇంట్లో ఉన్నదాన్ని వాళ్లు పట్టుకుపోతారు, పిల్లలు మళ్లీ ఖాళీగా పడుకుంటారు. నేను రెండేళ్లు ఏజెన్సీలో ఉన్నానని బేస్‌మెంట్‌లో అందరి ముందూ చెప్పుకున్నాను చూడండి, ఆ కాగితం రాస్తున్నంతసేపూ అది తల్చుకుని సిగ్గుపడ్డాను.

ముదురు నీలం, ఫ్యామిలీ సైజు, ఎక్కువ పొడుగు అని నేను మెయిల్ పెడితే ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశాడు. తెలుపైతే మన లోగో బాగా కనిపిస్తుంది కదా అక్కయ్య గారూ, అన్నాడు. దోమకి లోగోతో పనిలేదు అన్నాను. చివరికి లోగో సంచీ మీద స్టిక్కర్‌గా వేస్తే చాలని ఒప్పుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

మే మధ్యకల్లా తెరలు తయారై వైజాగ్ చేరాయి. మా ట్రెజరర్ గారి బావమరిదికి అక్కడ బియ్యం గోడౌన్ ఉంది, అందులో దింపించారు. సంతకానికి, ఫోన్ నంబరుకి ఎవరో ఒకరి పేరు కావాలంటే అందరూ బిజీ కాబట్టి నాదే ఇచ్చారు. సరుకు దిగిందని గోడౌన్ ఆయన ఫోటో పంపితే నేను దాన్ని ఆశా కార్యకర్తకి పంపాను. ఇంక వారంలో వచ్చేస్తాయి, అందరికీ చెప్పు, అన్నాను. ఈ కథలో నా తప్పు ఏదైనా ఉందంటే అదొక్కటే. ఆ మాట ఇవ్వడానికి నాకు ఏ అధికారమూ లేదు, ఉందనుకున్నాను.

ఆ వారాంతంలో మళ్లీ బోర్డు మీటింగ్. లారీ ఎప్పుడు పంపుదాం అని నేను అడగ్గానే ప్రెసిడెంట్ గారు కొంచెం ఆశ్చర్యంగా చూశాడు.

"డిసెంబర్‌లో కదండీ" అన్నాడు.

"డిసెంబర్‌లో ఏంటి?"

"సేవా డేస్. అందరం వెకేషన్‌కి ఇండియా వెళ్తాం. పిల్లలకి స్కూల్ హాలిడేస్ కూడా. మనమే స్వయంగా వెళ్లి, మన పిల్లల చేతుల మీదుగా డిస్ట్రిబ్యూట్ చేద్దాం. వాళ్లకి స్కూల్లో సర్వీస్ అవర్స్ కింద కూడా కౌంట్ అవుతుంది. బ్యానర్లు ఆల్రెడీ ప్రింట్ చేయించాం, గోడౌన్‌లోనే ఉన్నాయి."

ఇది మనవాళ్లు మాత్రమే చేయగలిగిన తప్పు. అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు సంఘానికీ దానం చేయడానికి ఒక ఋతువుంది, అది డిసెంబర్. కంటి ఆపరేషన్లు డిసెంబర్, సైకిళ్లు డిసెంబర్, కుట్టుమిషన్లు డిసెంబర్. కుట్టుమిషన్‌కి ఫరవాలేదు, అది ఏ నెలలోనైనా కుడుతుంది. దోమ మన స్కూలు సెలవులు చూసుకుని కుట్టదు. వానలతో వస్తుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఏజెన్సీలో జ్వరాల కాలం. డిసెంబర్‌కి అక్కడ చలి, ఆ ఏడు పోవాల్సినవాళ్లు అప్పటికే పోయి ఉంటారు.

ఇదంతా నేను నెమ్మదిగానే చెప్పాను. నిజంగా నెమ్మదిగానే చెప్పాను. జూన్‌లో గెడ్డ పొంగితే గూడేనికి దారి ఉండదని కూడా చెప్పాను.

"అవి ఎక్కడికీ పోవు కదా అక్కయ్య గారూ. లాంగ్ లాస్టింగ్ అని మీరే చెప్పారు, మూడేళ్లు ఉంటాయని."

"తెరలు ఉంటాయి. నేను మనుషుల గురించి అడుగుతున్నాను."

"డోనర్స్‌కి మనం ఏదో ఒకటి చూపించాలి కదా."

"మీ ఆఫీసులో సీటు బెల్టు ఎప్పుడు పెట్టుకోమని చెబుతారు? యాక్సిడెంట్ అయ్యాక, అందరూ లీవు పెట్టుకుని వచ్చి ఫోటో దిగినప్పుడా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. చేతులెత్తమన్నారు. డిసెంబర్‌కి నా చెయ్యి తప్ప అన్నీ లేచాయి. ట్రెజరర్ గారి చెయ్యి సగం లేచి ఒకసారి ఆగింది, తర్వాత పూర్తిగా లేచింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నారు. ఇక్కడ పూజారులు పదకొండు మంది. కారులో ఇంటికి వస్తూ మా ఆయన, "నీకెందుకే ఈ గొడవలు, హాయిగా టొమాటో నారు వేసుకోక" అన్నాడు. హైవే ఎగ్జిట్ దగ్గర ఆ పాప స్లైడ్ సంగతి చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకి అది చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఇంక టొమాటోల మాట ఎత్తలేదు.

బోర్డు మనసు మారుతుందేమోనని రెండు వారాలు మెయిళ్లు పెట్టాను. "నోటెడ్" అని సమాధానం వచ్చింది. మే నెలాఖరులో ఆశా కార్యకర్త బండెక్కి ఫోన్ చేసింది.

"మబ్బులు వచ్చీసినాయి మేడమ్. తెరలు ఎప్పుడొస్తాయి?"

నేను ఏదో నసిగాను. కొంచెం లేటవుతుంది అన్నాను.

"లేటంటే ఎన్ని రోజులు? మా వోళ్లు వెదురు కొట్టుకొచ్చి ప్రతి ఇంట్లో నాలుగు మూలలా కర్రలు కట్టీసినారు. తెర వస్తే తగిలించీడమే. రోజూ అడుగుతున్నారు."

తను ఇంకో మాట అంది. తనకి కోపం లేదు, అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

"రాకపోతే రాలేదని సెప్పీడం మంచిది మేడమ్. వేలు గుచ్చనియ్యమంటే ముందు ఎవులూ ఒప్పుకోలేదు, మందుబిళ్ల మింగమంటే పారీసీవోరు. నాలుగేళ్లు తిరిగి తిరిగి నమ్మించినాను. ఇప్పుడు నేను అబద్ధం ఆడినానంటే రేపు జ్వరం వస్తే నా దగ్గరికి రారు."

అంటే పోయేది తెరలొక్కటే కాదు. ఒక మనిషి నాలుగేళ్లు కొండలెక్కి దిగి సంపాదించుకున్న నమ్మకం పోతుంది. నేను ఇచ్చిన తొందరపాటు మాటకి, మా బోర్డు డిసెంబర్‌కి, ఆ ఆశా కార్యకర్త మూల్యం చెల్లించాలి. గెడ్డకి ఎన్నాళ్లు టైముందని అడిగాను. గట్టిగా రెండు వానలు పడితే చాలు అంది.

ఫోన్ పెట్టేసి నేను కాసేపు వంటింట్లో నిలబడ్డాను. భయం వేయలేదని అబద్ధం చెప్పను. ఈ ఊళ్లో మాకున్న మనుషులందరూ ఆ సంఘంలోవాళ్లే. మా అమ్మాయి పెళ్లికి వడ్డించింది వాళ్లే, రేపు మాలో ఎవరికి ఏమైనా ముందు తలుపు తట్టేదీ వాళ్లే. అయినా భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. ఇంకోసారి అన్ని గడులూ సరిగ్గా నింపి స్టూలు మీద కూర్చోవడం నా వల్ల కాదు అనుకున్నాను.

గోడౌన్ ఆయనకి ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే లారీకి ఎత్తించండి అన్నాను.

"ప్రెసిడెంట్ గారు చెప్పారాండీ?"

చెప్పాడని ఒక్క మాట అంటే పని సులువుగా అయిపోయేది. నేను అనలేదు.

"లేదండీ. డిసెంబర్ దాకా ఉంచమన్నారు. నేను పంపమంటున్నాను."

"మాదీ ఆ ఏజెన్సీయేనండీ, పాడేరు దగ్గర" అన్నాడాయన. "మా మేనత్త ఆ జ్వరంతోనే పోయింది. రసీదు మీద మీ నంబరే ఉంది. ఎవరైనా అడిగితే మీ పేరే చెప్తాను."

"నా పేరే చెప్పండి" అన్నాను.

ఆయన తొందరలో తెరలతోపాటు బ్యానర్ల కట్ట కూడా లారీలో వేసేశాడు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు అదొకటి. అయితే ఆ పిల్లి వల్లే పని జరిగింది. లారీ నుంచి జీపు, జీపు నుంచి నడక. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయట. గూడెం నుంచి వచ్చినవాళ్లు ఆ ఫ్లెక్స్ బ్యానర్లు విప్పి, మూటలకి చుట్టి, నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దాటారు. ఆశా కార్యకర్త ఒక ఫోటో తీసి పంపింది. వరసగా మనుషులు, నెత్తిన మూటలు, అన్నిటికంటే ముందున్న మూట మీద మా ప్రెసిడెంట్ గారి నవ్వు మొహం తలకిందులుగా. ఏ డిసెంబర్‌లోనూ ఆయన ఫోటో అంత పనికొచ్చి ఉండదు. మా ఆయన దాన్ని చూసి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, తర్వాత చాలాసేపు ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు రోజుల తర్వాత గెడ్డ పొంగింది.

జూన్‌లో నన్ను పిలిచారు. అదే బేస్‌మెంట్. ఈసారి ట్రెడ్‌మిల్ మీద బట్టలు లేవు, ఎవరో తీసి మడతపెట్టారు. మా ఆయన బోర్డు మెంబర్ కాడు కాబట్టి బయట కారులో కూర్చున్నాడు, ఇంజిన్ ఆపకుండా.

"మేడమ్" అన్నాడు ప్రెసిడెంట్. "ఇష్యూ నెట్స్ గురించి కాదు. ప్రాసెస్ గురించి. బోర్డు ఓట్ చేశాక దానికి విరుద్ధంగా ఒక మెంబర్ వెళ్తే ఇంక ఆర్గనైజేషన్ ఎందుకు?"

అందులో న్యాయం లేకపోలేదు. నేను అదే చెప్పాను. తర్వాత ఆ స్లైడ్ సంగతి చెప్పాను. రక్తం తీశారు, చీటీ రాశారు, నంబరు వేశారు, కిందికి పంపారు, నేను చూశాను, ఎర్ర పెన్సిల్‌తో రాశాను. ప్రాసెస్‌లో ఎక్కడా తప్పు లేదు, పిల్ల ఒక్కతే లేదు.

ట్రెజరర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రెసిడెంట్ గొంతు తగ్గించి, "డోనర్స్‌కి ఏం చెప్పమంటారు?" అన్నాడు.

"చేరాయని చెప్పండి. అందుకే కదా ఇచ్చారు."

"మీరు ఒక్క సారీ చెబితే ఇక్కడితో క్లోజ్ చేసేద్దాం, అక్కయ్య గారూ."

మళ్లీ అక్కయ్య గారినయ్యాను. చెప్పేస్తే పోయేది. చిన్న మాట, రోజుకి పదిసార్లు గ్రోసరీ స్టోర్‌లో ఎవరి బండి తగిలినా అనే మాట. కానీ ఆ మాట అంటే తెరలు జూన్‌లో కొండెక్కడం తప్పని నేను ఒప్పుకున్నట్టవుతుంది. వచ్చే ఏడు ఇంకెవరికో అది పనికొస్తుంది, అక్కయ్య గారే తప్పొప్పుకున్నారు కదా అని. చెప్పను అన్నాను. బోర్డులోంచి తీసేశారు. మినిట్స్‌లో ఆ వాక్యం రాస్తున్నప్పుడు, గెడ్డ ఎప్పుడు పొంగిందో కూడా పక్కన రాయమన్నాను. అది అజెండాలో లేదన్నారు.

దీపావళి పార్టీకి మాకు పిలుపు వచ్చింది గానీ, మేం కూర్చున్న టేబుల్ దగ్గర మిగతా కుర్చీలు చాలాసేపు ఖాళీగానే ఉన్నాయి. బాధ కలిగింది. పులిహోర మాత్రం రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

ఆ వానాకాలం గూడెంలో జ్వరాలు రాలేదని నేను చెప్పను. అలా చెప్పే మనుషుల్ని నమ్మకండి. వచ్చాయి. పాకలో తెర కట్టుకోకుండా పడుకున్న ఒకతనికి వచ్చింది, సంతకి వెళ్లి చుట్టాలింట్లో రెండు రాత్రులు ఉన్న తల్లీకూతుళ్లకి వచ్చింది. ముగ్గురూ వాళ్లంతట వాళ్లే ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చి వేలు చాపారు. పావుగంటలో గీత కనిపించింది, అప్పుడే మందు పడింది. తను రిజిస్టర్ పేజీ ఫోటో తీసి పంపింది. పాజిటివ్ అని మూడుచోట్ల ఎర్ర ఇంకుతో ఉంది. ఆ మూడు పేర్లవాళ్లూ ఇప్పుడు కొండ మీద తిరుగుతున్నారు.

డిసెంబర్ వచ్చింది. సేవా డేస్ టికెట్లు ముందే కొన్నారు కాబట్టి బోర్డువాళ్లు వెళ్లారు. పంచడానికి ఏమీ లేకపోయినా గూడేనికి కూడా ఎక్కారు, కెమెరాతో సహా. ఆ సాయంత్రం ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెబుతుంటే నేను పొయ్యి మీద పాలు పొంగడం కూడా చూసుకోలేదు.

"తెరలు విప్పి మడతపెట్టి ఇమ్మన్నారు మేడమ్. మళ్లీ ఇస్తారంట, ఫోటోకి."

"నువ్వేమన్నావు?"

"నేను ఏటీ అనలేదు. మా గూడెం ముసిలమ్మ కువిలో అడిగింది. ఇచ్చినప్పుడు వీళ్లు లేరు గదా, ఇప్పుడు ఏటిస్తారు అని. నేను తెలుగులో అదే సెప్పినాను."

"మరి ప్రెసిడెంట్ గారు?"

"సెప్పులిప్పి, వంగి, ఒక ఇంట్లో తెర లోపలికెళ్లి కూకున్నారు. చాపా, కర్రలూ చేత్తో తడిమి చూసినారు. ఫోటో తియ్యొద్దన్నారు. బయటికొచ్చి అవతల గెడ్డ దాటితే ఇంకో గూడెం ఉందా అని అడిగినారు. ఉంది, తెరలే లేవన్నాను. ఎప్పటికి కావాలన్నారు."

"ఎప్పటికన్నావు?"

"మే దాటకూడదన్నాను."

జనవరిలో నాకు ప్రెసిడెంట్ గారి మెయిల్ వచ్చింది. రెండో గూడేనికి తెరలు పంపాలని బోర్డు అనుకుంటోంది, మేలోనే పంపుతాం, కోఆర్డినేటర్‌గా మళ్లీ మీరే ఉండాలి అని. కింద ఇంకో పేరా ఉంది. అయితే రికార్డులో పాత విషయం అలా ఉండగా మిమ్మల్ని తిరిగి తీసుకోవడం ఇబ్బంది కాబట్టి, జరిగినదానికి విచారిస్తున్నానని ఒక లైను రాసిస్తే ఆ వాక్యం తీసేస్తామని.

మా ఆయన భుజం మీంచి చదివి, "రాసేయరాదూ" అన్నాడు. నా మొహం చూసి కాఫీ పెట్టడానికి వెళ్లిపోయాడు.

నేను తెలుగులోనే జవాబు రాశాను. ముదురు నీలం, ఫ్యామిలీ సైజు, ఎక్కువ పొడుగు. ఎన్ని కావాలో ఆశా కార్యకర్తని అడిగి రేపు చెబుతాను. విచారించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ వాక్యాన్ని అలాగే ఉండనివ్వండి. దాని కింద ఇంకో వాక్యానికి చోటు కూడా ఉంచండి, ఈసారి మే దాటితే అవసరం పడుతుంది.